పచ్చ దారం

సోమవారం ఉదయం తొమ్మిదికి పది నిమిషాల ముందు దేవకుమారి కుట్టుగది తాళం తీసి, బొమ్మ మీద కప్పిన దుప్పటి లాగింది. చిరుగు లేదు.

తను సరిగా చూడలేదేమో అనుకుని కిటికీ రెక్కలు తెరిచింది. ఎండ నేరుగా చెక్క మీద పడింది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్ చెక్క. దాని మీద గోనెపట్టా. పట్టా మీద కొల్లేటి నల్లమట్టిని ఫెవికాల్‌తో కలిపి పూసి, ఎండి బీటలు వారాక మళ్ళీ పూసింది. కింది అంచున చేపల మేత సంచుల పేలికలు అతికించింది. ఏలూరులో తివాచీలు నేసేవాళ్ళు కత్తిరించి పారేసే ఉన్ని కొసలను ఒక మూల నుంచి ఇంకో మూలకు కాలవలా పరిచింది. వీటన్నిటి మీదా ఒక పాత గోధుమరంగు వల. అంచుల్లో చిన్న మేకులతో బిగించి, నడుమ వదులుగా, పొట్టలా ముందుకు వేలాడదీసింది. ఆ పొట్టలో చిరుగు ఉండాలి. మనిషి తల, భుజాలు దూరిపోయేటంత చిరుగు. బొమ్మంతా దాని కోసమే కట్టింది.

ఇప్పుడు అక్కడ పచ్చ నైలాను దారం ఉంది. పాత కన్నులకు కొత్త కన్నులు కలిపి, ముడి తర్వాత ముడి, ఎక్కడా బిగువు తప్పకుండా, ఎక్కడా వదులు కాకుండా అల్లేశారు. చిరుగు ఉన్న మేరా పచ్చగా మిగిలింది. వల నిండుగా ఉంది. ఇప్పుడు దాన్ని విప్పి చెరువులో వేస్తే చేప తప్పించుకోదు.

దేవకుమారి దాని మీద వేలు పెట్టింది. దారం గరుకుగా తగిలింది. కోపం వస్తుందేమోనని కాసేపు నిలబడింది. రాలేదు. మొదటి గంట కొట్టారు. దుప్పటి మళ్ళీ కప్పి, తాళం వేసి, ఏడో తరగతి బి సెక్షన్‌కు వెళ్ళి బల్ల మీద ముంత పెట్టి గీయమంది.

హారియట్ మెమోరియల్ బాలికల హైస్కూల్లో ఆమె ఇరవై రెండేళ్ళుగా డ్రాయింగ్ టీచరు. ముంత, మామిడి ఆకు, జాతీయ జెండా. పదో తరగతికి లెక్కలు వెనకబడితే మొదట పోయేది ఆమె పీరియడ్. మిగతా సమయంలో మెరిట్ సర్టిఫికెట్ల మీద పేర్లు, నోటీసు బోర్డు మీద నోటీసులు, వార్షికోత్సవం బ్యానర్లు ఆమె రాయాలి. మంచి దస్తూరీ ఉన్నందుకు అదొక అదనపు ఉద్యోగం. ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా గుండ్రంగా రాసి ఇచ్చేస్తుంది. అందులో ఏముందో తర్వాత అడిగితే ఆమెకు గుర్తుండదు.

బొమ్మ ఒక్కటే ఆమె తనకోసం చేసుకున్నది. ఐదు నెలలు పట్టింది. ఫోటో చూసి హైదరాబాదు వాళ్ళు రాష్ట్ర ప్రదర్శనకు ఎంపిక చేశారు. గురువారం పార్శిల్ లారీ ఎక్కిస్తే శనివారానికి చేరుతుంది. వాళ్ళ ఉత్తరంలో మూడో నిబంధన కింద ఇలా ఉంది: ఎంపికైన ఫోటోకూ పంపిన కళాఖండానికీ తేడా ఉన్నచో వెనక్కు పంపబడును.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా గుమాస్తా కృపావరం వచ్చాడు. నడుస్తున్నప్పుడు తాళాల గుత్తి తొడకు కొట్టుకుంటూ చప్పుడవుతుంది కాబట్టి అతను వస్తున్నట్టు ముందే తెలుస్తుంది.

"మేడమ్‌గారు రమ్మంటున్నారండి. పెన్ను తెచ్చుకోమన్నారు."

"ఎందుకండీ?"

"మీ వల సంగతేనండి. పొద్దున కిటికీలోంచి చూశాను. బాగు చేయించారేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నేను చూసినప్పుడల్లా ఎలకలు కొట్టేశాయేమో, టీచరుగారికి చెబుదామా వద్దా అనుకునేవాణ్ణి."

"ఎవరు కుట్టారండీ?"

"సుగుణండి. శనివారం స్కూలు అయిపోయాక గది ఊడుస్తానంటే తాళం ఇచ్చాను. దీపాలు పెట్టే వేళకు తెచ్చిచ్చింది. ఒక గది ఊడవడానికి అంతసేపా అన్నాను. దుమ్ము ఎక్కువుందండి అంది. ఈ మాట ఏదో మాటల్లో మేడమ్‌గారితో అన్నాను. అంతే. నా తప్పేం లేదండి."

సుగుణ స్కూల్లో స్వీపరు. ఊడ్చేదీ, తాగునీళ్ళు పట్టేదీ, గంట కొట్టేదీ ఆమే. పదకొండేళ్ళుగా చేస్తున్నా ఇంకా పర్మినెంటు కాలేదు. రోజూ కొల్లేటి లంక నుంచి మొదటి బస్సుకు వస్తుంది. జూలైలో దేవకుమారి అడిగితే ఆ వల ఇంటి నుంచి తెచ్చి ఇచ్చింది ఆమే.

హెడ్‌మిస్ట్రెస్ సిల్వియాగారు తెల్ల కాగితం ఒకటి సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద పేపరువెయిట్ పెట్టారు.

"కూర్చోండి దేవకుమారిగారూ. ఐదు నెలల కష్టం. నాకే కడుపు తరుక్కుపోయింది. మీరెలా తట్టుకుంటున్నారో."

"బాగానే ఉన్నానండి."

"అదే మీలో గొప్పదనం. రాయండి. కరస్పాండెంటు గారికి, అని మొదలుపెట్టండి."

దేవకుమారి రాసింది. నా అనుమతి లేకుండా. ప్రదర్శనకు ఎంపికైన విలువైన కళాఖండమును. ఉద్దేశపూర్వకముగా పాడు చేసినందున. తగు చర్య తీసుకొనవలసినదిగా.

"ఉద్దేశపూర్వకముగా అని ఉండాలాండీ?"

"ఉండాలండి. లేకపోతే పొరపాటైపోతుంది. పొరపాటుకు చర్యేముంటుంది?" సిల్వియాగారు చేతిగుడ్డతో మెడ తుడుచుకున్నారు. "దాపరికం ఎందుకు గానీ, సంఘపెద్ద గారి మరదలి కూతురు ఒకమ్మాయి ఉంది. ఎనిమిది పాసైంది. ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారు. ఖాళీ ఏదండీ అని నేను అంటూనే ఉన్నాను. దేవుడే దారి చూపిస్తాడు. సంతకం అక్కడ కాదు, ఇంకాస్త కిందికి."

దేవకుమారి ఇంకాస్త కిందికి సంతకం పెట్టింది. తిరిగి వెళ్ళేసరికి అన్నం చల్లారిపోయింది. తింది.

*

ఏలూరు నుంచి ఇంటికి వెళ్ళే సాయంత్రం ఐదూ ఇరవై పాసింజరులో ఆడవాళ్ళ పెట్టె నిండిపోయింది. దేవకుమారి దెందులూరు దాకా నిలబడింది. తర్వాత ఎవరో జరిగి చోటిచ్చారు. కోతకొచ్చిన చేలు కిటికీ పక్కన పసుపు పచ్చగా వెళ్ళిపోతున్నాయి. భీమడోలులో జామకాయలావిడ ఎక్కి రోజూలాగే ఆమె ఒడిలో రెండు కాయలు పడేసి ముందుకు పోయింది. తాడేపల్లిగూడెంలో దిగినప్పుడు ఒక కాయ సగం కొరికి ఉంది. ఎప్పుడు కొరికిందో తెలియలేదు.

ఆమె భర్త నిత్యానందం గూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమీషను కొట్లో గుమాస్తా. ఎన్నిసార్లు స్నానం చేసినా ఒంటి నుంచి ఉల్లిపాయల వాసన పోదు. కంచం ముందు కూర్చుని సంగతంతా విన్నాడు.

"దీనికింత ఆలోచన ఏంటి? కత్తెర పెట్టి కత్తిరించెయ్యి. మళ్ళీ చిరుగే కదా."

"అవునండి."

"చిరిగినదాన్ని కుట్టడం కష్టం గానీ కుట్టినదాన్ని చించడం ఏముంది? మా కొట్లో సంచులు రోజూ కోస్తాం." పెరుగు కలుపుకుంటూ మళ్ళీ అడిగాడు. "ఆ పిల్ల ఉద్యోగం పోతుందా?"

"పోతుందేమోనండి."

"నువ్వే రాశావా కాగితం?"

"రాయమన్నారు."

నిత్యానందం కంచంలో చెయ్యి కడుక్కుని లేచాడు. దేవకుమారి గిన్నెలు తోమి, టేబుల్ సొరుగులోంచి కొత్త బ్లేడు ఒకటి తీసి, కాగితం చుట్టి చేతిసంచిలో వేసుకుంది.

*

మంగళవారం ప్రార్థన అవుతుండగానే కుట్టుగదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. చెక్క ముందు స్టూలు వేసుకుని, బ్లేడు మీద కాగితం విప్పింది. పచ్చ దారం ఎక్కడ మొదలైందో వెతికింది. పైన ఎడమవైపు, పాత కన్ను ఒకటి పూర్తిగా బాగున్నచోట మొదలైంది. చిరుగు అంచున చివికిన పోగుల్ని ముందు శుభ్రంగా కోసేసి, బలంగా ఉన్న కన్ను దాకా వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి అల్లుకుంటూ వచ్చింది. ప్రతి కన్నూ పక్క కన్నంతే ఉంది. కొలబద్ద పెట్టి కొలిచినా తేడా రాదు. డ్రాయింగ్ హయ్యర్ పరీక్షకు చదువుకునే రోజుల్లో గళ్ళు గీయడానికి దేవకుమారికి స్కేలు కావాల్సి వచ్చేది.

బ్లేడు మొదటి ముడి కింద దూర్చింది. అప్పుడే తలుపు తట్టారు.

"టీచరుగారండీ, నేనండి."

గడియ తీసింది. సుగుణ చీపురు పక్కన పెట్టి లోపలికి వచ్చింది. సన్నటి మనిషి, నలభై లోపు వయసు. బ్లేడు వైపు చూసింది, వల వైపు చూసింది. జాకెట్టులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చింది.

"ఇది నిన్న సాయంత్రం ఇచ్చారండి. రేపు మూడింటికి కరస్పాండెంటు గారి గదికి రావాలంట. నేను ఐదు దాకా చదివాను. టైపు కొట్టిన కాగితం కాస్త చదవగలిగాను. వెనకాల ఇంకోటి ఉంది కదండీ, అది గబగబా చదివేశాను. మీ అక్షరాలు కదా."

దేవకుమారి కాగితం మడత విప్పి చూసింది.

"పదకొండేళ్ళ బట్టి బోర్డు మీద మీ అక్షరాలు తుడుస్తున్నానండి. నాకు తెలియవా?" సుగుణ గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు ఆలస్యమైందని చెబుతున్నట్టు చెప్పింది. "ఉద్దేశపూర్వకముగా అంటే కావాలనేనాండీ?"

"కావాలనే."

"అదైతే నిజమేనండి."

బయట జనగణమన మొదలైంది. ఇద్దరూ ఉన్నచోటే నిలబడ్డారు. అయిపోయాక దేవకుమారి అడిగింది.

"ఎందుకు కుట్టావు సుగుణా?"

"చిరుగుంటే కుట్టరాండీ?"

"చిరిగిన వలే కావాలని నీకు చెప్పే కదా తీసుకున్నాను."

"గోడకు ఆనించి లోపల పెట్టుకున్నన్నాళ్ళూ నేనేమీ అనుకోలేదండి. హైదరాబాదులో నలుగురిలో నిలబెడతారని శనివారం కృపావరంగారు చెప్పారు." ఆమె వల దగ్గరికి వెళ్ళి, అంచున ఊడిన పోగొకటి గోటితో సరిచేసింది. "మా లంకలో చిరిగిన వల వీధివైపు ఆరెయ్యమండి. ఎంత లేనివాళ్ళైనా లోపల పెట్టి కుట్టుకుని అప్పుడు బయట పెడతారు. చిరిగిన వల ఇంటి ముందు వేలాడుతుందంటే ఆ ఇంట్లో మొగోడు పోయాడని. చూసినవాళ్ళు పలకరించడానికి వచ్చేస్తారు."

"మీ ఆయన బుల్లిరాజు నెల్లూరు వైపు వెళ్ళాడన్నావు కదా."

"మార్చిలో సర్కారు వాళ్ళు మా లంకలో చేపల చెరువుల గట్లు కొట్టేశాక మొదట కలిదిండి వెళ్ళాడండి, చెరువుల కాపలాకి. అక్కణ్ణించి నెల్లూరు. దసరాకి ఫోన్ చేశాడు. తర్వాత లేదు." సుగుణ చెక్క నుంచి చెయ్యి తీసుకుంది. "ఇది ఆయన వలండి. ఆయన అల్లుకున్నదే. ఉన్న మనిషిని లేనట్టు ఊరందరికీ చాటించలేను కదండీ. కోసేస్తారా?"

దేవకుమారి బ్లేడు వైపు చూసింది. అది ఇంకా చేతిలోనే ఉంది.

"ఫోటోలో చిరుగుందే. వాళ్ళు వెనక్కి పంపిస్తారు."

"మీ బొమ్మండి. మీ ఇష్టం." సుగుణ చీపురు అందుకుంది. "కోసేట్టయితే నేను ఊడ్చి వెళ్ళాక కొయ్యండి. ఇప్పుడు కోస్తే ఆ పోగులు నేనే ఎత్తాలి."

గది ఊడ్చి వెళ్ళిపోయింది. దేవకుమారి స్టూలు మీద రెండో పీరియడ్ దాకా కూర్చుంది. బ్లేడుకు మళ్ళీ కాగితం చుట్టింది. ఆ రోజంతా ముప్పై నాలుగు సర్టిఫికెట్ల మీద పేర్లు రాసింది. ఒక్క తప్పూ దొర్లలేదు.

*

కరస్పాండెంటు వరదానంగారు రిటైరైన తహసీల్దారు. ఎవరి మీదా కోపగించుకోరు, ఎవరి మాటా తీసెయ్యరు, అందుకే ఏదీ తేలనివ్వరని స్టాఫ్ రూములో అంటారు. బుధవారం మూడింటికి ఆయన టీ తాగుతూ ఫిర్యాదు చదివారు. చదువుతున్నంతసేపూ దస్తూరీని మెచ్చుకుంటున్నట్టు తల ఊపారు.

సిల్వియాగారు కుడివైపు కుర్చీలో ఉన్నారు. కృపావరం రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. సుగుణను గుమ్మం బయట ఉండమన్నారు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని గోడవైపు చూస్తూ నిలబడింది.

"దేవకుమారిగారూ, ఇందులో రాసినదానికన్నా ఎక్కువ ఏమైనా చెప్పాలాండీ?" అన్నారు వరదానంగారు.

దేవకుమారి ఏం చెప్పాలో అనుకుని రాలేదు. గదిలోకి అడుగుపెట్టేదాకా ఏమీ అనుకోలేదు. నోరు తెరిచాక మాట దానంతటదే వచ్చింది.

"వల నేనే కుట్టమన్నానండి."

టీ కప్పు సాసరు మీద ఆనింది. సిల్వియాగారు మెల్లగా ఇటు తిరిగారు.

"ఏంటండీ?"

"సుగుణకు నేనే చెప్పాను. కుట్టమని. మర్చిపోయాను."

"మర్చిపోయారా? ఐదు నెలల బొమ్మ విషయం మర్చిపోయారా? మరి సోమవారం ఈ కాగితం రాసిందెవరండీ?"

"నేనేనండి. మీరు చెబుతుంటే రాశాను."

కృపావరం రిజిస్టరులోకి తల దించేశాడు. వరదానంగారు కాసేపు ఫ్యాను వైపు చూశారు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "ఇలా రామ్మా," అన్నారు.

సుగుణ లోపలికి ఒక అడుగు వేసి ఆగింది.

"టీచరుగారు కుట్టమన్నారా నిన్ను?"

సుగుణ దేవకుమారి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో దేవకుమారికి అందలేదు. భయమనుకుంది. కృతజ్ఞత అనుకుంది. గోడగడియారం చప్పుడు వినిపిస్తున్నంతసేపు సుగుణ అలాగే నిలబడి, చివరికి నేలవైపు చూస్తూ చెప్పింది.

"అవునండి."

"అదీ సంగతి," అన్నారు వరదానంగారు, పెద్ద చిక్కు విడిపోయినట్టు. "అయితే బొమ్మ పాడవలేదన్నమాట. రేపు హైదరాబాదు వెళుతుంది కదండీ? మన స్కూలుకు పేరు."

"వెళుతుందండి," అంది దేవకుమారి. కుట్టమన్నది తనే అన్నాక ఇక కోయడానికి లేదు. ఫోటోలో చిరుగు, చెక్క మీద పచ్చ దారం. హైదరాబాదులో పార్శిల్ విప్పిన మొదటి గుమాస్తాయే మూడో నిబంధన చూపిస్తాడు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు. తెలిసినా లోపల ఏమీ కదల్లేదు.

సిల్వియాగారు లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు.

"సంతోషమండి. ఎలాగూ కంప్యూటర్లు వస్తున్నాయి, గది కావాలి. బొమ్మ రేపు వెళ్ళిపోతుంది కాబట్టి కుట్టుగది శుక్రవారం కల్లా ఖాళీ చేసేయండి. మట్టి, గోనెలు, ఆ మేత సంచులు అన్నీను."

"అలాగేనండి," అంది దేవకుమారి.

*

గురువారం పదకొండింటికి ట్రాలీ ఆటో వస్తుందన్నారు. పదింటికి సుగుణ పాత దుప్పట్లు, పురికొస తెచ్చింది. ఇద్దరూ కలిసి చెక్కను నేల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. దేవకుమారి వల పొట్టలో నలిపిన పాత కాగితాలు కుక్కింది, దారిలో అదురుకు మేకులు ఊడకుండా. సుగుణ మూలలకు గోనెముక్కలు మడతపెట్టి కట్టింది. ముడి వేస్తుంటే ఆమె వేళ్ళు చూపుకు అందనంత వేగంగా కదులుతున్నాయి. పురికొస తెగుతుందేమో అన్నంత బిగువుగా లాగి, కొసను పంటితో కొరికింది.

నిన్న సాయంత్రం నుంచి ఆమె దేవకుమారితో ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున ఎదురైతే నమస్కారం కూడా పెట్టలేదు.

"ఇంకేం భయం లేదు సుగుణా," అంది దేవకుమారి. "నీ మీద ఇక కాగితం ఉండదు."

"ఉండదండి."

"మరెందుకలా ఉన్నావు?"

సుగుణ రెండో మూలకు వెళ్ళి కూర్చుంది. గోనె మడత పెడుతూ తల ఎత్తకుండా అంది.

"ఈ బళ్ళో పదకొండేళ్ళండి. నీళ్ళు పట్టమంటే పట్టాను. గంట కొట్టమంటే కొట్టాను. మేడమ్‌గారింట్లో పెళ్ళికి గిన్నెలు తోమమంటే తోమాను. నేను చేసిన పని ఏదైనా ఎవరో ఒకరు చెప్పిందే. ఆ ఒక్కటీ ఎవరూ చెప్పలేదండి. శనివారం బస్సు వదిలేసుకుని, చీకటి పడుతుంటే, నా అంతట నేను కూర్చుని కుట్టుకున్నాను." పురికొస బిగించింది. "నిన్న అది కూడా మీరు చెప్పిన పనైపోయింది."

"నీ ఉద్యోగం పోయేది."

"పోయేదేమోనండి. నన్ను అడిగారా? నేనే కుట్టానండి, ఇందుకని కుట్టానండి అని చెబుదామని బస్సులో దారంతా అనుకుంటూ వచ్చాను. మాట కూడబెట్టుకున్నాను. మీరు ముందే చెప్పేశారు. ఆపైన నాతో అవుననిపించారు."

దేవకుమారి చేతిలో ఉన్న కాగితం ఉండను నేల మీద పెట్టింది. ఆమె లోపల ఏదో కదిలింది. అది ఎక్కడ కదిలిందో తెలియడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. చెవుల వెనక వేడెక్కింది. మెడ మీదకు పాకింది. సోమవారం నుంచి ఎదురుచూసినా రాని కోపం ఇదేనేమో. కానీ వచ్చింది సుగుణ మీద కాదు, సిల్వియాగారి మీద కాదు.

"ఈ బొమ్మ మీద నీ పేరు కూడా రాస్తాను," అంది.

"వద్దండి."

"పోనీ వల తీసి నీకిచ్చేస్తాను. మేకులు తీస్తే వచ్చేస్తుంది."

"ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకోమండి మేము."

"మరి ఏం చెయ్యమంటావు?"

సుగుణ మొదటిసారి తలెత్తి చూసింది. నవ్విందో లేదో తెలియలేదు.

"చూశారా. అది కూడా నేనే చెప్పాలి."

మూడో పీరియడ్ గంట కొట్టే వేళైంది. ఆమె లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్ళింది. గంట మోగింది. ఎనిమిదో తరగతి ఎ సెక్షన్‌కు డ్రాయింగ్. దేవకుమారి ఆ వైపు వెళ్ళలేదు. చేతిసంచిలోంచి తెల్ల కాగితం తీసి, నేల మీద బొమ్మ పక్కనే కూర్చుని, అట్ట ఒడిలో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

కరస్పాండెంటు గారికి. శనివారం సాయంత్రం సుగుణ, నేను చెప్పకుండానే, తనంతట తాను ఈ వల కుట్టింది. ఈ వల ఆమె భర్త బుల్లిరాజు అల్లినది. చిరిగిన వల నలుగురి ముందు పెట్టడం వాళ్ళ ఆచారం కాదు. ఆ సంగతి తెలుసుకోకుండా నేను వల అడిగాను. సోమవారం నేను రాసిన ఫిర్యాదు తప్పు. నిన్న నేను చెప్పింది అబద్ధం. బొమ్మ పాడైందని నేను అనుకోవడం లేదు. కుట్టినది కుట్టినట్టే పంపుతున్నాను.

అక్షరాలు కుదరలేదు. ఒక వరస పైకి ఎక్కింది, ఒక వరస కిందికి జారింది. అబద్ధం అన్నచోట పెన్ను కాగితాన్ని గీరింది. మళ్ళీ శుభ్రంగా రాద్దామని ఇంకో కాగితం వైపు చెయ్యి చాచి, ఆపేసుకుంది. అదే పట్టుకుని కరస్పాండెంటు గదికి వెళ్ళింది.

వరదానంగారు కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివారు, తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇది మీ దస్తూరీయేనా అండీ?"

"అవునండి."

"ఎవరైనా రాయమన్నారా? ఆ అమ్మాయి అడిగిందా?"

"లేదండి."

"మరి ఎవరు రాయమన్నారు?"

"నేనే రాశానండి."

ఆయన చాలాసేపు ఆమెను చూశారు. నిన్న తేలిపోయిన చిక్కు మళ్ళీ బల్ల మీదికి తెచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

"నిన్నటితో అయిపోయింది కదమ్మా. మళ్ళీ ఎందుకు ఇది? సరే. ఫిర్యాదు మీరు వెనక్కి తీసుకున్నారు, బొమ్మ బాగుందని మీరే అంటున్నారు. ఇక ఆమెను తియ్యడానికి నాకేం దారి లేదు. హెడ్‌మిస్ట్రెస్ గారికి అదే చెబుతాను." పెన్ను తీసి కాగితం మూల మీద ఏదో రాశారు. "కానీ విచారణలో అబద్ధం చెప్పారు. అది ఊరికే పోదు. మీకు మెమో వస్తుంది. సర్వీసు రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఇరవై రెండేళ్ళలో మీ పేజీ మీద మచ్చ లేదు. ఆలోచించుకోండి. కావాలంటే ఈ కాగితం చించేద్దాం. నేను చూడలేదనుకుందాం."

కాగితం ఆమె వైపు జరిపారు. దేవకుమారి దాన్ని ముట్టుకోలేదు.

"ఉంచండి," అంది.

బయటికి వచ్చి వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. మైదానం అవతల ఎనిమిది ఎ నుంచి టీచరు లేని గోల వినిపిస్తోంది. ట్రాలీ ఆటో గేటులోంచి వెనక్కి వస్తోంది. సుగుణ పక్కన నడుస్తూ, రానీ రానీ అంటూ చేత్తో చూపిస్తోంది.

"టీచరుగారండీ, బండి వచ్చింది," అంది దేవకుమారిని చూసి. తర్వాత ఆమె ముఖం చూసి ఆగింది. "ఎక్కడికి వెళ్ళారండీ?"

"వరదానంగారి దగ్గరికి. నువ్వే కుట్టావని రాసి ఇచ్చాను."

సుగుణ చేయి దించేసింది. ఆటోవాడు ఇంకా వెనక్కి వస్తుంటే, "ఆపెయ్ బాబూ," అంది. 

"నా ఉద్యోగమో?"

"ఉంది. నాకు మెమో."

"కావాలనేనాండీ?"

"కావాలనే."

సుగుణ కుట్టుగదిలోకి నడిచి చెక్క కింద వేళ్ళు దూర్చి కూర్చుంది. దేవకుమారి రెండో చివర కూర్చుంది. ఇద్దరూ ఒక్కసారే పైకెత్తారు. ఐదు నెలలుగా ఆ చెక్కను ఆ గోడ నుంచి ఈ గోడకు ఒక్కతే జరుపుకుంటూ వచ్చింది. మట్టి, గోనె, మేకులు, వల. ఇంత బరువుందని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. అరచేతులు నొక్కుకుపోయి మంట పుట్టింది.

"నొప్పా అండీ?" అంది సుగుణ.

"నొప్పే."

"దించుదామా?"

"వద్దు. పద."

ఇద్దరూ గుమ్మం దాటించడానికి చెక్కను కాస్త ఏటవాలుగా వంచారు.